పెట్టె లోపలి నునుపు

నా చిన్నప్పుడు నాకు కొత్తగా దొరికిన పెద్ద మాట ‘అశాశ్వతం’. మదనపల్లెలో మిషన్ బడి టీచరమ్మ దాని అర్థం చెప్పింది, ఎల్లకాలం ఉండనిది అని. ఇక నాకు పట్టపగ్గాల్లేవు. వాడిన పువ్వు, పగిలిన పలక, మా అమ్మ చేసిన రాగిసంగటి, అన్నీ నాకు అశాశ్వతమే. ఇంట్లోవాళ్ళు నవ్వేకొద్దీ మరింత పెట్రేగిపోయేదాన్ని.

ఆ ఎండాకాలం పక్కింటి అక్క కొడుకు జ్వరంతో చనిపోయాడు. పది నెలలవాడు. ముందు వారం కూడా నా చంకనెక్కి తిరిగినవాడు. అక్క వాణ్ణి ఒళ్ళోంచి దించలేదు. పాస్టరుగారు అడిగినా ఇవ్వలేదు. "పొద్దుపోతాండాది, ఇయ్యమ్మా" అని వాళ్ళ అత్త బతిమాలినా ఇవ్వలేదు. పాస్టరుగారి ప్రార్థనలో నా ‘అశాశ్వతం’ వినబడింది. దాంతో ధైర్యమొచ్చి, పెద్దదానిలా దగ్గరికి పోయి, "ఏడవద్దక్కా, అన్నీ అశాశ్వతమే గదా" అన్నాను. అక్క నన్ను చూసిన చూపు ఇప్పటికీ చెప్పలేను. బిడ్డను ఇంకా గట్టిగా పట్టుకుంది.

మా తాత వడ్రంగి. నేనన్నది విని కూడా ఆయన నన్ను కొట్టలేదు, తిట్టలేదు. చెయ్యి పట్టుకుని మా వాకిట్లోకి తెచ్చి కూర్చోబెట్టి, మళ్ళీ పనిలో పడ్డాడు. యుద్ధం రోజులు, మంచి చెక్క దొరికేది కాదు. ఆస్పత్రికి మందులొచ్చిన పెట్టెల చెక్కలతోనే బిడ్డకు పెట్టె చేస్తున్నాడు. బయటివైపు గరుకుగానే వదిలేసి, లోపలివైపు నున్నగా చిత్రిక పడుతున్నాడు. పట్టిన చోటే మళ్ళీ పడుతున్నాడు. మట్టిలో పూడ్చేదానికి ఇంత పని ఎందుకని అడిగాను.

"రెండు వానలు పడితే ఇది చెదలపాలే. నాకు తెల్దా?" అన్నాడు తాత, తలెత్తకుండా. "యాడన్నా ముల్లు గుచ్చుకుంటాదేమోనని ఆ తల్లి భయపడతాది గదమ్మా."

పెట్టె తీసుకుపోయి అక్క ముందు పెట్టి, పక్కన కూర్చున్నాడు. చాలాసేపటికి అక్క ఒక చెయ్యి లోపల పెట్టి నాలుగు పక్కలా, అడుగునా తడిమింది. మూలల్లో వేలు పెట్టి మళ్ళీ చూసుకుంది. తర్వాత బిడ్డను తనే పడుకోబెట్టింది. అప్పుడు నాకు ఏడుపొచ్చింది. వాడు లేడని కొంత, నేనన్న మాటకు సిగ్గుతో కొంత ఏడ్చాను.

ముసలిదాన్నయ్యాక కూడా చావు జరిగిన ఇళ్ళకు పోతుంటాను. నీళ్ళు కాస్తాను, పిల్లలుంటే ఇంత తినిపిస్తాను. ఆ మాట మాత్రం నా నోట రాదు. దాని అర్థం నాకు బడిలో తెలిసింది. చావింట్లో కూర్చున్నవాళ్ళకు ఆ పొద్దే తెలిసుంటుంది.