మాఫీ అన్న మాట

మా ఇంజనీరు గారు పోయారని మొన్న వాళ్ళమ్మాయి కాకినాడ నుంచి ఫోన్ చేసి చెప్పింది. తొంభైల్లో ఖతార్‌లో ఆయన సైటులో నేను స్టోరు చూసేవాణ్ణి. నాకు పని నేర్పింది ఆయనే, పెద్దరికం ఎలా ఉంటుందో చూపించిందీ ఆయనే.

మనిషి కొంచెం చాదస్తుడు. పొద్దున్నే రాగానే ముందు కూలీల మంచినీళ్ళ డ్రమ్ము మూత తీసి చూసేవారు, ఆ తర్వాతే డ్రాయింగులు. "సంతకం పెట్టేవాడే ముందు చీవాట్లు తినాలండీ. జీతం ఎక్కువ ఇచ్చేది అందుకే," అనేవారు. ఇలాంటి మాటలు చెప్పేవాళ్ళు చాలామందే ఉంటారు. ఈయన తిన్నారు.

ఉమ్ సలాల్ దగ్గర విల్లాలు కడుతున్న రోజులు. కడప వైపు నుంచి వచ్చిన ట్యాంకర్ డ్రైవరు ఒకతను బండి వెనక్కి తీస్తూ కొత్త ప్రహరీని కూల్చేశాడు. అరబ్బు మేనేజరు "నువ్వేనా?" అని గద్దించాడు. ఇతను చేతులు జోడించి "మాఫీ సాబ్, మాఫీ" అన్నాడు. క్షమించమని మొర అది. అరబ్బీలో మాఫీ అంటే లేదు అని. కళ్ళెదుట గోడ కూలి ఉంటే లేదంటాడా అని మేనేజరు మండిపడ్డాడు. ఇండియాకు పంపించెయ్యమనీ, మళ్ళీ గేటు దాటనివ్వొద్దనీ చెప్పేశాడు.

డ్రైవరు వచ్చి స్టోరు ముందు కూలబడ్డాడు. "మా పక్క శిస్తు మాఫీ అంటారు గద సార్. నేనూ మాఫీ అంటి, ఆయప్ప ఇంకా రేగిపోయె."

నవ్వొచ్చే సంగతే. అతని ముఖం చూస్తే నవ్వు రాలేదు.

స్టోరులోనే కూర్చుని ఇదంతా విన్న ఇంజనీరు గారు లేచారు. ఆయనకు ఊళ్ళో ఫరీజ్ బిన్ మహమూద్ పేటలో కాపురం, బడికెళ్ళే పిల్లలు. ఆయన ఉద్యోగమూ ఆ మేనేజరు చేతిలోనే ఉంది. "మాట తేడా అని చెప్పి వచ్చెయ్యండి సార్, అంతకు మించి వద్దు," అన్నాను.

"మాట సంగతి సగమేనండీ. రాత్రి డ్యూటీ దిగినవాణ్ణి పొద్దున్నే మళ్ళీ బండెక్కించింది నేను. అదెవరు చెబుతారు?"

మేనేజరు దగ్గరికెళ్ళి, మాఫీకి మన దగ్గర అర్థమేమిటో ముందు చెప్పారు. మేనేజరు కాస్త చల్లబడ్డాడు. అక్కడితో ఆగితే సరిపోయేది. ఆయన ఆగలేదు. "నిద్ర లేనివాణ్ణి పనికి పెట్టిన తప్పు నాది. పంపాలంటే ముందు నన్ను పంపండి," అన్నారు. మేనేజరు ఆయన్ని ఎగాదిగా చూశాడు. చివరికి, "ఇంకోసారి జరిగితే ఇద్దరూ వెళ్తారు. యల్లా, ఇక పొండి," అని చెయ్యి విసిరాడు.

తర్వాత ఎన్నో కంపెనీలు చూశాను, ఎందరో పైవాళ్ళను చూశాను. ఆయన దగ్గర పనిచేసినన్నాళ్ళు మాత్రం పరాయి దేశంలో ఉన్నానని అనిపించలేదు.

ఆ గొడవ జరిగిన మర్నాడు కంటినిండా నిద్రపోయి వచ్చిన డ్రైవరు గేటు బయటే బెదురుతూ బండి ఆపాడు. అతన్ని రానివ్వొచ్చన్న కొత్త కబురు వాచ్‌మన్‌కు ఇంకా అందలేదు. ఇంజనీరు గారు తన కారు రోడ్డు పక్కన వదిలేసి, ట్యాంకర్ ఎక్కి డ్రైవరు పక్కన కూర్చున్నారు. "పోనివ్వు బాబూ," అన్నారు. వాచ్‌మన్ ఇద్దరినీ మార్చి మార్చి చూసి గేటు తీశాడు. ఇస్త్రీ చొక్కా మోచెయ్యి కిటికీ బయట పెట్టుకుని ఆయన అలా లోపలికి వెళ్ళడం నాకు ఇప్పటికీ కనిపిస్తూనే ఉంది.