బాగున్నారా అని అడగడం మానేసిన నర్సు

క్యాన్సర్ వార్డులో ఆమెను అందరూ ఆరాలక్క అనేవారు. ఇరవై రెండేళ్ల నర్సు ఉద్యోగంలో ఆమె ఆరా తీయని మనిషి లేడు. "నీతో అబద్ధమాడటం కంటే నిజం చెప్పేయడమే సులువు" అని భర్త ఏనాడో చేతులెత్తేశాడు.

అలాంటి మనిషికి ఒక సంగతి కొరుకుడు పడలేదు. కీమో ఎక్కించుకుని నడుస్తూ ఇంటికెళ్లినవాళ్లు వారం తిరక్కుండానే జ్వరంతో, ఒళ్లు తెలియకుండా స్ట్రెచర్ మీద వస్తున్నారు. కీమో తర్వాత రోగాన్ని తట్టుకునే శక్తి పడిపోతుంది, జ్వరం గంటల్లో ముదురుతుంది. ముందే పసిగడితే ప్రాణాలు నిలబెట్టవచ్చని ఆమె నమ్మకం. పెద్ద డాక్టరును ఒప్పించి పరిశోధన మొదలుపెట్టింది. సగంమందికి రోజూ తనే ఫోన్ చేస్తుంది, మిగతావాళ్లకు మామూలు పద్ధతే.

రెండు నెలలైనా తేడా లేదు. ఫోన్లు అందుకున్నవాళ్లూ అంతే, అందుకోనివాళ్లూ అంతే.

"ఇంకొక్క నెల చూద్దామమ్మా. లేదంటే ఆపేద్దాం" అన్నాడు పెద్ద డాక్టరు.

ఆమెకు ఒళ్లు మండింది. ఫోన్ల పుస్తకం ముందేసుకుని కూర్చుంది. ప్రతి పేజీలోనూ ఒకటే మాట: బాగానే ఉన్నారు. మర్నాడే స్ట్రెచర్ మీద వచ్చినవాళ్ల పేర్ల పక్కన కూడా అదే. అవును మరి, బాగున్నారా అంటే కాటికి కాళ్లు చాచుకున్నవాడు కూడా బాగానే ఉన్నానంటాడు. ఊరందరినీ ఆరా తీసే మనిషి, ఇక్కడికొచ్చి మొక్కుబడి ప్రశ్న అడిగింది. తప్పు తనదేనని తేలాక ఆమెకు సగం బరువు దిగింది.

మర్నాడు ఒక ముసలి దర్జీకి ఫోన్ చేసింది.

"మొన్న ఎన్ని చొక్కాలు కుట్టారు బాబాయ్?"

"రెండమ్మా."

"ఇవాళ?"

"సూదిలో దారం ఎక్కట్లేదు. చెయ్యి వణుకుతోంది. చలిగాలి అనుకుంటా."

"కిటికీ తీసుందా?"

"మూసే ఉంది."

"పిన్నిని తీసుకుని ఉన్నపళంగా వచ్చేయండి."

"ఇంత చిన్నదానికి నీకెందుకమ్మా శ్రమ?"

"చిన్నదో పెద్దదో నేను చూసి చెప్తా. బయల్దేరండి."

నూటరెండు జ్వరం. అయినా తన కాళ్ల మీద తను నడిచి వచ్చాడు. గంటలోపే మందు ఎక్కింది, మూడోరోజుకు జ్వరం దిగింది.

ఆ నెలంతా ఆమె మేస్త్రిని ఎన్ని మెట్లెక్కాడనీ, టీచరమ్మను ఎన్ని పేజీలు చదివిందనీ అడిగింది. నెలాఖరుకు ఫోన్లు అందుకున్న సగంలో స్ట్రెచర్ ఎక్కింది ఒక్కరే. మిగతా సగంలో ఏడుగురు. పెద్ద డాక్టరు కాగితం రెండుసార్లు చూశాడు. "ఇక సగం సగం వద్దమ్మా. అందరికీ చేద్దాం."

ఆ సాయంత్రం దర్జీ కీమో కుర్చీలోంచి పలకరించాడు. "బాగున్నావా అమ్మా?"

"బాగానే ఉన్నా బాబాయ్."

"మధ్యాహ్నం ఏం తిన్నావు?"

ఆమె గడియారం వైపు చూసింది. ఐదవుతోంది. దర్జీ భార్య అప్పటికే క్యారేజీ మూత తీస్తోంది.