నాకొక్కదానికే కనిపించిన బందరు మంచు

పోయిన ఏడాది నా కుడికంటికి కార్నియా మార్పిడి జరిగింది. మొత్తం కాదు, లోపలి పల్చటి పొర ఒక్కటే. ఆ పొర అతుక్కోవాలని నన్ను వెల్లకిలా పడుకోబెట్టారు. పైకప్పు చూసీ చూసీ విసిగిపోయి, చూపొస్తే పాలకాయతిప్ప వెళ్ళి కృష్ణ సముద్రంలో కలిసేచోటు చూడాలనుకున్నాను. ఏడాది నిండింది కదా అని మొన్న శనివారం బయల్దేరాను.

బందరులో పొద్దున ఆరున్నరకు అవనిగడ్డ బస్సెక్కాను. పల్లెవెలుగులో ఆధార్ చూపిస్తే ఆడవాళ్ళకు టికెట్ డబ్బులుండవు. అవనిగడ్డ నుంచి తిప్పకి రానూపోనూ ఆటో ఎనిమిది వందలకు ఫోన్లోనే మాట్లాడుకున్నాను. డ్రైవరు వెనక సీటు దొరికింది. బయట చేలనిండా తెల్లటి పొగమంచు. పోయిన నెల ఇదే బ్లాగులో ఆ మంచును పొగిడి పొగిడి రాశాను, మీరూ మెచ్చుకున్నారు. చల్లపల్లి దగ్గరపడుతున్నా అది విడవలేదు.

"బాబూ, మంచులో కాస్త నెమ్మదిగా పోనివ్వు" అన్నాను.

"మంచెక్కడుందండీ పిన్నిగారూ? ఎండ చక్కగా కాస్తుంటేనూ! ఈ ఏడు ఇంకా మంచే పడలేదు కదండీ" అన్నాడు డ్రైవరు.

అంటే ఆ మంచు నా కంట్లోనే ఉందన్నమాట! నా ఎడమకన్ను ముందునుంచీ అంతంతమాత్రం, కుడికంటి మీదే బతుకుతున్నాను. ఆటో వద్దని చెప్పి చల్లపల్లిలో దిగిపోయాను. పామర్రు మీదుగా, నాకు ఆపరేషన్ చేసిన ఆసుపత్రి ఉన్న గుడివాడ చేరేసరికి తొమ్మిదిన్నర. అప్పటికి అంతా తేటగా కనిపిస్తోంది! అనవసరంగా హడావిడి పడ్డానా, వెనక్కి తిరిగి సముద్రానికే పోదామా అనిపించింది. ఎందుకో ఆసుపత్రిలోకే నడిచాను.

డాక్టరమ్మ మెషీన్లో లోపలి కణాల ఫోటో తీసి, నావైపు తిరిగారు.

"కంట్లో చుక్కలు వేసుకోవడం ఎప్పుడు ఆపారమ్మా?"

"రెండు నెలలైందండీ. బాగా కనిపిస్తోంది కదా అని..."

"బాగా కనిపించడం ఆ చుక్కల వల్లేనమ్మా. అవి మానేస్తే, వేసిన పొర పరాయిదని మీ ఒళ్ళే దాని కణాలను చంపేస్తుంది. ఈ కణాలు కార్నియాలో నీరు ఊరకుండా తోడేస్తుంటాయి. అవి తగ్గితే రాత్రంతా నీరు చేరి పొద్దున్నే మసకేస్తుంది, కళ్ళు తెరిచి ఉండగా ఆరి మెల్లగా తేటపడుతుంది. మీకు సగం పోయాయి. పోయినవి మళ్ళీ పుట్టవు. మిగిలినవైనా కాపాడుకుందాం. ఇంకో నెల ఆగుంటే మళ్ళీ ఆపరేషనే."

ఆ కణాలు నావి కావు. నేను పేరైనా ఎరగని మనిషి చనిపోయాక నాకు దక్కినవి. అవి రాలిపోతుంటే, నేను మంచు ఎంత అందంగా ఉందో అని వర్ణిస్తూ కూర్చున్నాను.

తిప్ప ప్రయాణం ప్రస్తుతానికి వాయిదా. నాలాంటి ఆపరేషన్ అయినవాళ్ళు డాక్టరు చెప్పకుండా చుక్కలు ఆపకండి. రోజూ నిద్రలేవగానే ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి ఆ కంటితోనే గోడమీది క్యాలెండరు చూడండి. పొద్దున మసకగా, మధ్యాహ్నం తేటగా ఉంటే ఆ రోజే ఆసుపత్రికి వెళ్ళండి. క్యాలెండరు మీద మంచు కురవదు.