చుక్కల గీత

మాచర్లలో రైలు స్టేషను వెనక ఉండేది మా ఇల్లు. తూర్పు ముఖం. ముందు వసారా, దాని వెనక రెండు గదులు. గోడలూ నేలా నాపరాళ్లే, పైన తాటాకు. దక్షిణాన మురుగు కాలవ. ఉత్తరాన, మేం బాబాయి అని పిలిచే పొరుగాయన ఇల్లు, ఆయన గొడ్ల కొట్టం. పడమట పెరట్లో వంటిల్లు.

వంటిల్లు కట్టింది అమ్మ. క్వారీ దగ్గర పారేసిన నాపరాతి ముక్కలు ఏరి తెచ్చి, మట్టితో పేర్చి, తన చేతులతో కట్టుకుంది. ఆమెకు నడుం నొప్పి. వంగలేదు. అందుకని పొయ్యిని నడుమెత్తు అరుగు మీద పెట్టుకుని నిలబడి వండేది.

అవి యుద్ధం రోజులు. సిమెంటుకు పర్మిట్ కావాలి, పర్మిట్‌కు ఇంటి ప్లాను జతచేయాలి. మిషను బడిలో పంతులైన నాన్నకు ముందు గదికి గచ్చు చేయించాలని కోరిక. నేను అప్పుడే ఓవర్సీరు చదువు ముగించి వచ్చాను. ప్లాను మావాడే గీస్తాడని ఆయన బడంతా చెప్పుకున్నాడు.

రెండు రోజులు టేపు పట్టుకుని కొలిచాను. హద్దు లోపలి కట్టడాన్ని నిండు గీతతో, హద్దు దాటినదాన్ని చుక్కల గీతతో చూపాలని మాకు నేర్పారు. దస్తావేజులోని కొలతలు వేసి చూస్తే పడమటి హద్దు వంటింటి మధ్యలోంచి పోయింది. ఆరడుగుల రెండంగుళాలు సర్కారు స్థలంలో ఉంది. ఇరవై ఏళ్లుగా ఎవరికీ పట్టని సంగతి. నేను చుక్కలు పెట్టి, పక్కన ‘పోరంబోకు’ అని రాశాను. నాన్న చూసి అక్షరాలు కుదిరాయన్నాడు.

నెల తిరక్కుండా తాలూకా ఆఫీసు నుంచి రెవెన్యూ ఇన్‌స్పెక్టరు ఆ ప్లాను చేత పట్టుకునే వచ్చాడు. కొలవనైనా కొలవలేదు. ఎనిమిది రోజుల్లో వంటిల్లు తీసేయమన్నాడు. నాన్న చేతులు కట్టుకుని చానా సేపు బతిమాలాడు.

“మీవాడే గీసిచ్చె గదయ్యా పంతులూ,” అన్నాడాయన. “ఇంత శుభ్రంగా రాసినాక నేను చూళ్లేదంటే ఎట్టా?”

బాబాయి కొట్టం కూడా సగం పోరంబోకులోనే ఉంది. నా కాగితం దానికి నాలుగడుగుల ఇవతలే అయిపోయింది. మేం రాళ్లు విప్పుతుంటే ఆయన గోడ మీంచి చూస్తూ నిలబడ్డాడు.

“ఏందబ్బాయ్, మా కొట్టం గీయలేదే? చదువు ఇంకా కొంచెం మిగిలినట్టుంది.”

కాగితం చాల్లేదన్నాను. నిజమే చెప్పాను.

పర్మిట్ వచ్చింది. ముందు గది గచ్చు అద్దంలా కుదిరింది. దాని మీద మసి పడకూడదని నాన్న అన్నాడు. వెనక గది పడకలకే చాలదు. పెరట్లో హద్దుకు లోపల మిగిలిన జాగాలో మనిషి తిరగడానికి లేదు. ఇక మిగిలింది వసారా మూల.

అప్పటిదాకా అమ్మ నన్ను ఒక్క మాటా అనలేదు. ఆ పొద్దున వసారాలో నేల మీద మూడు రాళ్లు పెట్టి, నడుం పట్టుకుని నా వైపు తిరిగింది.

“ఒరేయ్, కొలిచి చెప్పు. గీతకు లోపలే ఉందా?”

వసారా హద్దుకు ఎంతో లోపల ఉందని ఇద్దరికీ తెలుసు. అయినా నేను గదిలోకి వెళ్లి టేపు తెచ్చాను. కొలిచి, తూర్పు హద్దుకు తొమ్మిదడుగులు లోపల ఉందని చెప్పాను.

ఆమె గోడ పట్టుకుని మెల్లగా కూర్చుని, వంగి పొయ్యి ఊదింది.