‘నేనే’ అన్నది ఎవరు?

నవ్వండి, నవ్వండి. ఇందాక రఘు ఐస్ తెచ్చి తలుపు కొట్టినప్పుడు నేను “ఎవరూ?” అన్నాను. “పోతిన రఘురాం” అని ఇంటిపేరుతో సహా చెప్పాడు. మీరంతా పగలబడి నవ్వారు. సొంతింటికొచ్చి అటెండెన్స్ చెప్తున్నాడేంట్రా అన్నాడు కిరణ్. నాకు మాత్రం నవ్వు రాలేదు.

ఎందుకలా చెప్తాడో చెప్తాను వినండి. ఒట్లు వేయడం నాకు ఇష్టం ఉండదు. రఘు ఇక్కడే కూర్చున్నాడు. ఒక్క ముక్క అబద్ధమైతే అక్కడే ఆపమనండి. ఆపడు... చూడండి, అప్పుడే గ్లాసు కింద పెట్టేశాడు.

ఇది మేం ఇక్కడికి, ఈ ఇర్వింగ్‌కి రాకముందు సంగతి. న్యూజెర్సీలో ఉండేవాళ్ళం. రెండువేల పది దాటి పదకొండు వస్తున్న చలికాలం. రఘుది భీమిలి, పుట్టినప్పటి నుంచీ పడవల పిచ్చి. నాది గుంటూరు. నాకు నీళ్ళంటే బిందెలో ఉండాలి, అంతే. ఈ మహానుభావుడు వినలేదు. అంతకు ముందేడే పాత సెయిల్‌బోట్, అదే తెరచాప పడవ, ఒకటి కొన్నాడు. లోపల ఒక స్టవ్వు, రెండు పడకలు, లేచి నిలబడితే తలకి తగిలే కప్పు. అందరూ పార్సిప్పనీలో అపార్ట్‌మెంట్లు వెతుక్కుంటుంటే మేం పడవలో కాపురం పెట్టాం.

మొదటి చలికాలం తిట్టుకుంటూనే ఉన్నాను. కానీ నిజం చెప్పొద్దూ, నచ్చింది. చలికాలంలో పడవ మొత్తానికి తెల్లటి ప్లాస్టిక్ కప్పేస్తారు, డేరాలాగా. పక్కన ఒక జిప్పు తలుపు. జిప్పు తీసి లోపలికొస్తే పడవ వెనకాల కూర్చునే చోటు ఉంటుంది. అక్కడ పైపలక జరిపితే మెట్లు, కింద మా ఇల్లు. ఇంకో దారి లేదు. చుట్టూ నీళ్ళు గడ్డకట్టి పడవని నొక్కేయకుండా అడుగున ఒక మోటార్ పెడతారు. అది రాత్రీ పగలూ గుడగుడమంటూ నీటిని కదుపుతుంటుంది. అలవాటైతే ఆ చప్పుడు జోలపాటే. 

పడవలు కట్టేసే చెక్కబాట, డాక్ అంటారు, దాని మీద చలికాలం మనుషులుండరు. మేమూ, మూడు పడవల అవతల వాల్ట్ అని ఒక పెద్దాయనా. ఒంటరివాడు. భార్య మేం రాకముందటి చలికాలం, అక్కడే ఆ డాక్ దగ్గరే నీళ్ళలో పడి చనిపోయిందట. అయినా ఆ చోటు వదిలి వెళ్ళలేదు. మాకు ఆయన మొట్టమొదట చెప్పింది ఒకటే. ఎవరి పడవ దగ్గరికెళ్ళినా ముందు పడవని తట్టాలి, పేరు చెప్పాలి, రమ్మంటేనే కాలు పెట్టాలి. “పేరు చెప్పకుండా ఎవరూ ఎక్కరు, ఎవరినీ ఎక్కనివ్వకండి” అన్నాడు ఇంగ్లీషులో. మేం సరేనని తలూపి, ఇంటికొచ్చి నవ్వుకున్నాం. మన ఇళ్ళల్లో పేరెవరు చెప్తారండీ? తలుపు కొడతారు, ఎవరూ అంటే, “నేనే” అంటారు. మనకి గొంతు చాలు.

అలా నవ్వుకున్నాం.

తర్వాత మా చెల్లి పెళ్ళికి ఇండియా వెళ్ళాం. వీసా స్టాంపింగ్ దగ్గర ఇరుక్కుపోయాం. అనుకున్నదానికంటే చాలా రోజులు పట్టింది. పడవ ఖాళీగా ఉండిపోయింది. తిరిగొచ్చేసరికి జనవరి. ఎయిర్‌పోర్ట్ నుంచి దారిలో మన ఇండియన్ కొట్లుండే ఓక్ ట్రీ రోడ్‌లో ఆగి బియ్యం బస్తా, కూరలు, పెరుగు కొనుక్కుని నేరుగా డాక్‌కి వెళ్ళాం. అక్కడ చలికాలంలో సాయంత్రం అనేది ఉండదు కదా... ఆఫీసులు ఇంకా వదలనే లేదు, చీకటి పడిపోయింది. డాక్ అంతా మంచు. ఒక్క దీపం. ఆ దీపం కూడా కొట్టుకుంటోంది.

రఘు హుషారుగా ఉన్నాడు. పడవ దగ్గరికెళ్ళి, ఖాళీ పడవని వాల్ట్ లాగా టకటకా తట్టాడు. నేను వెనక నుంచి, ఆటకే, “ఎవరూ?” అన్నాను.

“నేనేఏఏ...” అని సాగదీశాడు. నాటకంలో రాజుగారిలా. “వచ్చేశానూ...”

ఇద్దరం నవ్వాం. అదే మేం చేసిన తప్పు అని నేను ఇప్పటికీ అనుకుంటాను. ఖాళీగా ఉన్న చోట నిలబడి... ఎవరికో ఆ మాట మేమే నేర్పించాం.

లోపల బూజు వాసన. హీటర్ వేశాం. నేను స్టవ్ వెలిగించి చారు పెట్టాను. కార్లో ఇంకా బియ్యం బస్తా ఉండిపోయింది. “పద్మా, తెచ్చేస్తా” అని లేచాడు. “జారుతుంది, పొద్దున తెద్దువుగాని” అన్నాను. “అన్నం లేకుండా చారు తాగుతావా?” అని వెళ్ళాడు. పైపలక మూసిన చప్పుడు విన్నాను. జిప్పు చప్పుడు విన్నాను... జర్ర్‌ర్‌ర్... ఆ జిప్పు మధ్యలో ఎప్పుడూ ఇరుక్కుంటుంది, గట్టిగా లాగాలి. లాగాడు. అడుగులు దూరమయ్యాయి.

నేను తాలింపు వేస్తున్నాను.

కాసేపటికి పడవ వంగింది. మనిషి కాలు పెడితే చిన్న పడవ ఆ పక్కకి ఒరుగుతుంది. అది ఎవరూ చెప్పక్కర్లేదు, ఒంటికే తెలుస్తుంది. గిన్నెలో చారు కూడా ఆ పక్కకే ఒరిగింది. హమ్మయ్య, వచ్చాడు అనుకున్నాను.

అప్పుడే కింద నుంచి... టక్.

పడక పక్కన, నీళ్ళ మట్టం దగ్గర. టక్... టక్. మంచుగడ్డలు కొట్టుకుంటే అలాగే ఉంటుంది. అయినా అలవాటుగా, తల ఎత్తకుండానే, “ఎవరూ?” అన్నాను.

పైనుంచి, “నేనే” అన్నాడు.

రఘు గొంతే. అచ్చంగా. “సరే, రా” అన్నాను. “బూట్లు దులుపుకుని దిగు, నేనిప్పుడే తుడిచాను.”

దిగలేదు.

అలిగాడేమో అనుకున్నాను. “కార్లో పెరుగు కూడా ఉండాలి చూడు, తెచ్చావా?” అన్నాను.

“నేనే.”

గరిటె ఆగిపోయింది నా చేతిలో. పెరుగు తెచ్చావా అంటే నేనే అంటాడేంటి? మళ్ళీ ఆటలు మొదలెట్టాడు అనుకున్నాను. నాకు ఒళ్ళు మండింది. “రఘూ, వేషాలేశావంటే చారు నెత్తిన పోస్తా. చలి కొడుతోంది. రా లోపలికి!”

“నేనేఏఏ...”

సాగదీసి. రాజుగారిలా. ఇందాక డాక్ మీద అన్నట్టే... అదే సాగు, అదే చోట విరుపు. కానీ నవ్వు లేదు అందులో. ఊపిరి లేదు. మనం మాట్లాడేముందు చిన్న గాలి పీలుస్తాం చూడండి... అది లేదు.

నేను స్టవ్ ఆపేశాను. అడుగున మోటార్ గుడగుడ. హీటర్ బుస్సుమంటోంది. గిన్నెలో చారు వంక చూశాను. ఇంకా ఒరిగే ఉంది. పైన బరువు ఉంది. ఎవరో కూర్చుని ఉన్నారు, నా తల మీద, పలకకి అటు పక్క. అప్పుడు తట్టింది నాకు... జిప్పు చప్పుడు వినలేదు. వెళ్ళినప్పుడు విన్నాను. వచ్చినప్పుడు వినలేదు.

ఆ పలక వంకే చూస్తూ, పడక దాకా వెనక్కి జరిగాను.

మళ్ళీ కింద నుంచి. టక్. ఈసారి నెమ్మదిగా. టక్ తర్వాత చిన్న శబ్దం... టింగ్. లోహం తగిలిన శబ్దం. మంచుగడ్డకి ఆ శబ్దం ఎక్కడిది? రఘు ఎడమచేతికి మా నాన్న పెట్టిన ఉంగరం ఉంటుంది. గ్లాసు పట్టుకున్నా, స్టీరింగ్ పట్టుకున్నా టింగుమంటుంది. ఏడేళ్ళుగా వింటున్నాను.

పైన మాట. కింద ఉంగరం.

నాకు అర్థమైపోయింది. రఘు నీళ్ళల్లో ఉన్నాడు. నేను బయటికెళ్ళాలంటే దారి ఒకటే. ఆ పలక జరపాలి. ఆ పలక మీదే అది ఉంది.

నేను ధైర్యవంతురాలినని చెప్పను. ఏడ్చాను. “నువ్వెవరో నాకు తెలీదు, లే అక్కణ్ణుంచి, నా మొగుడు చచ్చిపోతాడు” అని తెలుగులోనే అరిచాను. టింగ్... చాలా చిన్నగా. అంతే, మెట్లెక్కి రెండు చేతులతో పలకని తోసేశాను.

ఎవరూ లేరు.

తెల్ల ప్లాస్టిక్. కూర్చునే చెక్క. దాని మీద పలచగా మంచు పొడి, దాని మీద చెయ్యి పెట్టినంత గుర్తు కూడా లేదు. జిప్పు పైదాకా మూసే ఉంది. నా వెనక గిన్నెలో చారు అలలు కొట్టి సమంగా అయిన చప్పుడు వచ్చింది... ఎవరో పడవ దిగినట్టు. లేక లోపలికి దిగినట్టు. నాకు తెలీదు. వెనక్కి తిరగలేదు.

జిప్పు ఇరుక్కుంది. పళ్ళతో లాగాను. బయట డాక్ మీద బియ్యం. బస్తా పగిలి మంచు మీద తెల్లగా బియ్యం, ఏది మంచో ఏది బియ్యమో తెలియకుండా. డాక్‌కీ పడవకీ మధ్య సందులో, ఆ మోటార్ గడ్డకట్టనివ్వని నల్లటి నీళ్ళల్లో... రఘు. ఒక చేత్తో తాడు పట్టుకున్నాడు. రెండో చెయ్యి పడవ మీద. కళ్ళు తెరిచే ఉన్నాయి. నన్ను చూస్తున్నాడు, కానీ గుర్తుపట్టినట్టు లేడు.

“వాల్ట్!” అని అరిచాను. పాపం ఆ పెద్దాయన లుంగీ లాంటి పైజమాలో పరుగెత్తుకొచ్చాడు. నిచ్చెన దించాడు. ఇద్దరం చొక్కా పట్టి లాగాం. ఎలా లాగామో ఆ దేవుడికే తెలియాలి. అంబులెన్స్ వచ్చేలోపు వాల్ట్ దుప్పట్లు చుడుతూ, ఏం జరిగింది అనడిగాడు. పైనెవరో ఉన్నారని, ఎవరూ అంటే నేనే అన్నారని, అందుకే బయటికి రావడం ఆలస్యమైందని ఏడుస్తూ చెప్పాను.

ఆయన చేతులు ఆగిపోయాయి. “గొంతు మగదా, ఆడదా?” అనడిగాడు.

“నా భర్తది” అన్నాను.

“ఓ” అన్నాడు. అంతే. తల దించుకుని దుప్పటి సర్దాడు. ఆయన మొహంలో నాకు కనిపించింది భయం కాదండీ. ఆశపడి దక్కనివాళ్ళ మొహం అలా ఉంటుంది.

రఘు బతికాడు. ఇంకాస్త ఆలస్యమైతే దక్కేవాడు కాదన్నారు డాక్టర్లు. ఎడమచేతి రెండు వేళ్ళకి ఇప్పటికీ స్పర్శ లేదు. చూడండి, వేడి టీ గ్లాసైనా ఆ చేత్తోనే పట్టుకుంటాడు.

హాస్పిటల్లో, కాస్త తేరుకున్నాక, నేను ఈ సంగతి చెప్పనేలేదు. తనే మొదలెట్టాడు.

“నీళ్ళల్లో పడగానే ఊపిరి ఆగిపోయింది పద్మా. అరుద్దామంటే గొంతు పెగల్లేదు. కొట్టాను. నువ్వు ఎవరూ అన్నావ్. వినపడింది నాకు. చెప్దామని నోరు తెరిచాను... నాకంటే ముందు పైనుంచి నేనే అన్నారు.”

నేను అతని చెయ్యి పట్టుకున్నాను.

“నా గొంతే. నువ్వు సరే, రా అన్నావ్. నాతో మాట్లాడుతున్నట్టే మాట్లాడావ్. పెరుగడిగావ్. తిట్టావ్. వింటూ ఉంటే... నాకే అనుమానం వచ్చింది. పైన ఉన్నది నేనే అయితే, మరి కింద ఉన్నదెవరు అని.” నా చేతిలో ఉన్న తన వేళ్ళని చూసుకున్నాడు. “నేను ఇంటికొచ్చేశాను కదా, ఇంకెందుకు పట్టుకోవడం అనిపించింది. చెయ్యి వదిలేద్దామనుకున్నా.”

ఆ మాట విన్న రోజు నుంచి నాకు సరైన నిద్ర లేదు. 

మళ్ళీ ఆ పడవలో కాలు పెట్టలేదు. సామాన్లు వాల్ట్ పంపించాడు. పడవని వేరేవాళ్ళు తీసుకెళ్ళారు. మేం నీళ్ళు లేని ఊరు చూసుకుని ఇటొచ్చేశాం. అప్పటి నుంచి రఘు ఎప్పుడూ నేనే అనలేదు. తలుపు దగ్గరైనా, ఫోన్లోనైనా, బాత్రూంలో ఉన్నప్పుడు పిలిచినా పేరు చెప్తాడు, ఇంటిపేరుతో సహా. నేనూ అడుగుతాను. చెప్పేదాకా తియ్యను.

మీరు ఏమైనా అనుకోండి. చలికి రఘు బుర్ర పనిచేయలేదనండి, ప్రయాణం అలసటలో నా చెవులు మోసం చేశాయనండి. ఇద్దరికీ ఒకే మాట, ఒకేసారి ఎలా వినిపించిందో మాత్రం నాకు చెప్పండి. నేను చాలా ఆలోచించాను. అది మా మీద పగబట్టిందో, చలికి తాళలేక ఎవరో లోపలికి రావాలని అడిగారో, లేక మాటకి మాట తిప్పి చెప్పడం తప్ప దానికేమీ రాదో... నాకు తెలీదు.

నన్ను తినేసేది అదీ కాదు. “సరే, రా” అన్నాను. ఒకసారి మామూలుగా, ఇంకోసారి కోపంగా, “రా లోపలికి” అన్నాను. నా నోటితో నేనే పిలిచాను. రఘుని పిలిచాననుకున్నాను. రఘు విన్నాడు, కానీ రాలేడు... నీళ్ళల్లో ఉన్నాడు. మరి నేను పిలిచింది ఎవరిని? వాళ్ళు వచ్చారా?

కిరణ్, ఆ తలుపు గడియ సరిగ్గా పడిందో లేదో ఒక్కసారి చూసి రావా.