జమ్మలమడుగులో పోయిన పెట్టె

మా అత్త పోయిందన్న కబురు చాపాడు బడికి తంతిగా వచ్చింది. మా ఆయన ఆ బడిలో పంతులు. పిల్లలకు లెక్క చెబుతుండగా తంతి చేతికిచ్చారట. నల్లబల్ల మీద సగంలో ఉన్న లెక్క పూర్తిచేసి ఇంటికొచ్చి, "అమ్మ పోయిందంట" అన్నారు. గంటలోపలే పులివెందులకు బయలుదేరారు. మా పాపకు తట్టు పోసి ఉండడంతో నేను వెంట పోలేకపోయాను.

మూడు రోజులు జ్వరమట. నాలుగో రోజు పొద్దున కాఫీ అడిగిందట. పెద్ద కోడలు కలిపి తెచ్చేలోపల ప్రాణం పోయింది. ఇదంతా నాకు తర్వాత తెలిసింది.

నేను పెద్దగా ఏడవలేదని రాస్తే మీరేమనుకుంటారో తెలియదు. మా ఇద్దరి మధ్య ముద్దుముచ్చట్లు ఎన్నడూ లేవు. ఆమె మాట మొరటు, నాకు పట్టుదల ఎక్కువ. అయినా ఆమె గురించి చెప్పవలసిన సంగతి ఒకటి నా దగ్గర పదేళ్లుగా ఉండిపోయింది. చెప్పవలసిన వాళ్లలో ఒకరికి మొన్న చెప్పాను. మిగిలినవాళ్లకు ఇక్కడ చెబుతున్నాను.

పులివెందులలో మా అత్త ఉండే వీధిలో ఎవరు చంటిబిడ్డతో ఊరికి పోవాలన్నా ముందు ఆమె దగ్గరికి వచ్చేవాళ్లు. "సంచీ తీసుకురా పో" అనేది. వాళ్లు సర్దుకున్నదంతా చాప మీద బోర్లించేది. ఒక్కొక్క వస్తువూ చేతిలోకి తీసుకుని "ఇది ఎందుకు?" అని అడిగేది. వెంటనే జవాబు వస్తే అది సంచీలోకి పోయేది. కొంచెం తడుముకున్నా పక్కకు పెట్టేసేది. ఒకసారి ఎదురింటి అమ్మాయి బిడ్డకు రెండు డజన్ల గుడ్డలు పెట్టుకుంది.

"తడిగుడ్డ బస్సు కిటికీ కమ్మీకి కడితే మన ఎండకు ముద్దనూరు చేరేలోపల ఎండిపోతాది. ఇన్ని ఎందుకమ్మే? నువ్వు పోతాండేది పుట్టింటికా, చాకిరేవుకా?"

ఆ అమ్మాయి నవ్వింది. అత్త నవ్వలేదు. ఆరు గుడ్డలు లెక్కపెట్టి లోపల పెట్టి, మిగిలినవి ఆమె ఒళ్లో పడేసింది.

ఆమెకు ముగ్గురు కూతుళ్లు. పెద్దామెను ఖాజీపేటలో ఇచ్చారు. మా మామ చిన్న వయసులోనే పోయాడు కాబట్టి ప్రతి కాన్పుకూ ఆమే పోయేది, బాలింతనూ బిడ్డనూ ఆమే తీసుకొచ్చేది, మళ్లీ ఆమే దిగబెట్టేది. ఎన్నిసార్లు పోయినా చేతిసంచీ ఒక్కటే. అందులో పాతచీర ముక్కలు, ఉగ్గుగిన్నె, మూత ఉన్న చిన్న చెంబు, కాటుకడబ్బీ, బాగా వాడి మెత్తబడిన చీర ఒకటి. ఆ చీర బస్సులో ఎండకు అడ్డం కట్టేది, అవసరమైతే మడిచి పరుపు చేసేది, చేరిన ఇంట్లో దూలానికి వేసి ఊయల కట్టేది. ఇంకేమైనా పెట్టుకోమంటే, "పోయే ఊర్లో గూడా మనుషులే ఉండారు గదా, ఉడుకునీళ్లు వాళ్లియ్యరా?" అనేది. "సంచీ భుజానికి తగిలించుకోవాల, చేతులు రెండూ బిడ్డవి" అనేది. ఈ మాట మా వీధి ఆడవాళ్లందరికీ కంఠతా వచ్చు.

నాకు మాత్రం ఆ మాట మొదట్లో రుచించలేదు.

అప్పుడు నాకు పంతొమ్మిదేళ్లు. కర్నూలు మనకు రాజధానిగా ఉన్న రోజులు. మా పుట్టిల్లు ప్రొద్దుటూరు, మా నాయనకు బట్టల అంగడి. తొలి కాన్పు అక్కడే అయింది. ఆడపిల్ల పుట్టింది. మా ఆయన అప్పట్లో పులివెందులలోనే పని చేస్తుండేవారు. ఐదో నెలలో మమ్మల్ని తీసుకుపోవడానికి అత్త ఒక్కతే వచ్చింది.

మా అమ్మ అప్పటికి నెలరోజులుగా సర్దుతూ ఉంది. కొయ్య తొట్టిల, పరుపు, ఇత్తడి గంగాళం, రెండు డబ్బాల లడ్లు, వీటన్నిటికీ తోడు ఒక ఇనుప పెట్టె. అంగడిలోని మేలురకం గుడ్డలు తెప్పించి అమ్మ తన చేత్తో కుట్టిన గౌన్లు అందులో ఉన్నాయి. పాపకు వెండి గజ్జెలు, వెండి గిన్నె, నా పట్టుచీరలు కూడా అందులోనే. అత్త కాళ్లు కడుక్కుని నట్టింట్లోకి వచ్చి, చుట్టూ ఒకసారి చూసింది.

"ఇదంతా ఎవరికి వదినా?"

"నీ మనవరాలికే" అంది అమ్మ సంతోషంగా.

"మూరెడు లేదు. దీనికి బండెడు సామానా?"

"తొలి కాన్పు వదినా. ఒట్టి చేతులతో పంపితే మమ్మల్ని ఏమంటారు?"

"అనేవాళ్లు బస్సులో బిడ్డను పట్టుకునేదానికి వస్తారా? ఇదంతా ఈడనే ఉండనీ. బండి దొరికినప్పుడు నింపాదిగా పంపుదురు."

అమ్మ ముఖం చిన్నబోయింది. నాకు కోపం వచ్చింది. తొట్టిలకూ గంగాళానికీ సరేనన్నాను గాని, పెట్టె లేకుండా గడప దాటనన్నాను. అత్త నా వైపు చూసి, "సరే. దాన్ని నువ్వే చూసుకోవాల. నన్ను అడగొద్దు" అంది. అంతకుమించి వాదించలేదు.

ఆ పొద్దు బస్సులో శానా జనం ఉన్నారు. పెట్టె టాపు మీద వేశారు. జమ్మలమడుగులో దిగి పులివెందుల బస్సు ఎక్కాలి. దిగగానే అత్త, "సీటు పట్టి వస్తా. ఈడనే నిలబడు, కదలొద్దు" అని చెప్పి ముందుకు పోయింది. ఆమె అటు పోగానే క్లీనరు టాపు మీది నుంచి సామాన్లు దింపడం మొదలుపెట్టాడు. "ఈ ఇనుప పెట్టె ఎవరిదమ్మా?" అని అరిచాడు. నా పెట్టె. నా చేతుల్లో పాప.

పక్కన ఆకుపచ్చ చీర కట్టుకున్న ఒక నడివయసు మనిషి గంప దింపుకుని నిలబడి ఉంది. నా అవస్థ చూసి, "ఇట్లియ్యమ్మా, నేను పట్టుకుంటా" అంది. ఇచ్చాను. ఆమె ఎవరు, ఏ ఊరు అని కూడా అడగలేదు. పెట్టెను బస్సు వెనక నుంచి ఈడ్చుకుని గోడ పక్కకు చేర్చి తిరిగి చూసేసరికి ఆమె లేదు. గంప కూడా లేదు.

బస్సు చుట్టూ ఒకసారి తిరిగి చూశాను. జనం నన్ను తోసుకుంటూ పోతున్నారు. అత్త సీటు మీద తువ్వాలు వేసి తిరిగివచ్చింది.

"బిడ్డ యాడ?"

"ఒకామెకు ఇచ్చినా అత్తా. పెట్టె దింపుతాంటే..."

ఆమె నన్ను తిట్టలేదు. అదిప్పటికీ నాకు ఆశ్చర్యమే. నా మణికట్టు పట్టుకుని బస్సు బస్సుకూ నడిచింది. ఒక్కొక్క బస్సు మెట్టెక్కి లోపల చూసి, "పచ్చచీర మనిషి, చేతిలో చంటిబిడ్డ, చూసినారా?" అని అడిగింది. అప్పుడే తాడిపత్రి బస్సు కదిలింది. అత్త దాని ముందుకు పోయి రెండు చేతులూ చాపి నిలబడింది.

"నిలుపప్పా! నా మనవరాలు కనపల్ల. లోపల చూసినాక పోదువు!"

డ్రైవరు తిట్టాడు. ఆమె కదలలేదు. బస్సంతా చూసింది. లేదు. ఇంకో ఇద్దరు ముగ్గురు కూడా మాతో వెతకసాగారు. ఎంతసేపు తిరిగామో చెప్పలేను. రోడ్డు దాటి అవతలి ఇళ్ల వైపు పోతున్నప్పుడు అత్త ఉన్నట్టుండి ఆగింది. "ఏడుపు" అంది. నాకేమీ వినబడలేదు. ఆమె ఆ దిక్కుకు పరుగు తీసింది.

ఒక ఇంటి అరుగు మీద, నీడలో, ఆ పచ్చచీర మనిషి పాపను ఒళ్లో పెట్టుకుని కొంగుతో విసురుతూ ఉంది. మమ్మల్ని చూసి ఆమే ముందుగా అంది: "ఎండకు ఒకటే ఏడుస్తాంటే నీడకు తెచ్చినానమ్మా. నీకు చెప్దామంటే కనపడల్యా. ఎవరూ రాకుంటే ఏం చేసేదని నాకే భయమైతాంది."

అత్త పాపను అందుకుని చేతులూ కాళ్లూ తడిమి చూసింది. తర్వాత ఆ మనిషికి, ఆమె వద్దంటున్నా, నిండుగా వంగి దండం పెట్టింది.

తిరిగి వచ్చేసరికి గోడ పక్కన పెట్టె లేదు. అటూ ఇటూ అడిగాం. ఎవరూ చూడలేదన్నారు. పులివెందుల బస్సు హారన్ కొడుతూ ఉంది. "పోనీ, ఎక్కు" అంది అత్త.

బస్సులో ఆమె కిటికీ కమ్మీ పట్టుకుని కూర్చుంది. ముద్దనూరు వచ్చేదాకా దాన్ని వదల్లేదు. తర్వాత నా వైపు చూడకుండానే అంది:

"ఇంట్లో ఎవరికీ చెప్పొద్దు. పెట్టె బరువని నేనే ఆడ దింపించినా, ఎవరో ఎత్తుకపోయినారు. అంతే."

"అట్లెందుకు అత్తా?"

"బిడ్డను ముక్కూమొగం తెలీని మనిషి చేతిలో పెట్టినావంటే నిన్ను బతికినన్నాళ్లూ అంటారు. పెట్టె పోగొట్టినానంటే నన్ను నాలుగు రోజులు అంటారు. పడతాలే."

ఆ లెక్కలో ఆమె పొరపాటు పడింది. నాలుగు రోజులతో అది పోలేదు.

నెల తర్వాత మా అమ్మ పులివెందులకు వచ్చింది. నేను లోపలి గదిలో పాపకు పాలిస్తున్నాను. బయట వాళ్లిద్దరి మాటలు వినబడుతున్నాయి.

"నా కూతురి పెట్టె నీకంత అలుసైపోయిందా వదినా? దాంట్లో వెండి ఉండాదని నీకు తెలీదా?"

"తప్పైపోయింది వదినా."

"ఎవరో ఎత్తుకపోయినారంటే నేను నమ్మల్నా?"

నేను లేచి వాకిట్లోకి పోయి రెండు ముక్కలు చెబితే అయిపోయేది. పాప పాలు తాగుతోంది కదా అని నాకు నేనే ఒక సాకు చెప్పుకుని కూర్చుండిపోయాను.

పాపకు పుట్టువెంట్రుకలు తీయించడానికి గండి గుడికి పోయినప్పుడు ప్రొద్దుటూరు చుట్టాలు కూడా వచ్చారు. పాపఘ్ని ఏటి ఒడ్డున మా పిన్నమ్మ, అందరికీ వినబడేటట్టే, "గజ్జెలు ఖాజీపేట కూతురి బిడ్డ కాళ్లకు చేరినాయంటలే" అంది. అత్త అప్పుడు గుండు గీసిన పాప తలను కడుగుతూ ఉంది. చెవుల్లోకి నీళ్లు పోకుండా ఒక చేతిని అడ్డం పెట్టి, రెండో చేత్తో నీళ్లు పోస్తూ ఉంది. ఆ మాట ఆమె విన్నదని నాకు తెలుసు. నీళ్లు పోయడం ఆపలేదు.

ఆ తర్వాత మా ఇద్దరికీ గొడవలు పడ్డ రోజులు చాలా ఉన్నాయి. వంట దగ్గర, పాప చదువు దగ్గర, మేం చాపాడుకు వేరుగా పోతామన్నప్పుడు. నేను నోటికొచ్చినట్టు మాట్లాడిన రోజులున్నాయి. ఒక్క మాటతో నా నోరు మూయించగల ఆయుధం ఆమె దగ్గర ఉంది. పదేళ్లలో ఒక్కసారి కూడా దాన్ని బయటికి తీయలేదు. మేమిద్దరమే ఉన్నప్పుడు కూడా ఎత్తలేదు. ఒకసారి నేనే ధైర్యం చేసి, "మా అమ్మకు చెప్పేస్తా అత్తా" అన్నాను. "ఇప్పుడు చెప్తే ఇన్నాళ్లూ ఎందుకు చెప్పల్యా అంటాది. ఊరకుండు" అని చేటలో పప్పు చెరుగుతూ ఉండిపోయింది. నేను ఊరకున్నాను. నాకు కావలసిందీ అదేనేమో.

అత్త పోయిన తొమ్మిదో రోజుకు పాపకు నెమ్మదించింది. దాన్ని తీసుకుని ప్రొద్దుటూరు మీదుగా పులివెందులకు బయలుదేరాను. మైలలో ఉన్నాను కాబట్టి పుట్టింటి వసారాలోనే కూర్చున్నాను. అమ్మ బియ్యం చేట తెచ్చుకుని కొంచెం ఎడంగా కూర్చుంది.

"కర్మకు నేను రానులే. మీ నాయన వస్తాడు. ఆమెకూ నాకూ ఏముండాదని?" అంది.

అప్పుడు చెప్పాను. దాచకుండా అంతా చెప్పాను. అమ్మ చేతులు బియ్యంలో అట్లాగే ఆగిపోయాయి.

"పాపను పరాయి మనిషికిచ్చినావా?"

"ఇచ్చినా."

"ఆ యమ్మను నేను ఎన్ని మాటలన్నానో తెలుసా నీకు?"

"తెలుసు. లోపల ఉండి వింటాంటి."

"వింటాంటివా!" అంది అమ్మ. చేట తీసుకుని లోపలికి పోయింది. చాలాసేపు రాలేదు. వచ్చినప్పుడు ఉతికిన చీర కట్టుకుని ఉంది. "పద, బస్సు పోతాది" అంది.

ఇప్పుడు పులివెందులకు నేరుగా పోయే బస్సు ఉంది. జమ్మలమడుగులో బస్సు ఆగగానే అమ్మ, "పాపను ఇచ్చింది యాడ?" అని అడిగింది. కిటికీలోంచి చూపించాను. ఇప్పుడక్కడ సోడా అంగడి ఒకటి వెలిసింది. దాని ముందు ఖాళీ నేల.

అమ్మ బస్సు దిగి అక్కడికి పోయింది. చూడడానికి ఏమీ లేదు. చెరుకుపిప్పి, జట్కా చక్రాల గుర్తులు, దుమ్ము. సామాన్లు మోసుకుంటూ మనుషులు ఆమెను తప్పించుకుని పోతున్నారు. నెత్తిన కొంగు కప్పుకుని ఆ ఎండలో ఆమె నిలబడే ఉంది. కండక్టరు రెండుసార్లు విజిలు వేశాడు.

మా పాప కిటికీలోంచి తల బయటికి పెట్టి, "అవ్వా, రా! బస్సు పోతాంది!" అని గట్టిగా పిలిచింది.

అమ్మ ఆ గొంతు వైపు తిరిగింది. పాపనే చూస్తూ ఉంది గాని, అడుగు మాత్రం వెంటనే వేయలేదు.