కెమిస్ట్రీ లేని ఫిజిక్సు

పదవీ విరమణకు రెండేళ్ల ముందు, ఒక జూలై నెలలో, మచిలీపట్నంలోని డిగ్రీ కళాశాలలో భౌతికశాస్త్ర శాఖాధిపతిగా ఉన్న నన్ను ప్రవేశాల సంఘానికి కన్వీనరుగా నియమించారు. బి.ఎస్సీ.లో మూడు సబ్జెక్టులను ఒక గ్రూపుగా చదివే రోజులవి. గ్రూపు మారాలంటే వదిలే శాఖ, చేరే శాఖ అధిపతుల సమ్మతి, ఆపై ప్రిన్సిపాలు ఉత్తర్వు ఉండాలి.

గడువు చివరి రోజున కృత్తివెన్ను నుంచి ఒక రొయ్యల రైతు తన కుమార్తె సుజాతను వెంటబెట్టుకొని వచ్చారు. ఎంపీసీలో చేరిన ఆ అమ్మాయికి కెమిస్ట్రీ ల్యాబులోని ఆవిర్లు పడక ఆయాసం వస్తున్నది. డాక్టరు ల్యాబు మానమన్నారు. బి.కాం.కు మార్చమని తండ్రి అడిగారు.

"కెమిస్ట్రీ లేకుండా ఫిజిక్సు ఎక్కడిదండీ? ఎంపీసీ అంటే మూడూ కలిసే కదండీ" అన్నారాయన. ఇంటర్మీడియెట్ నుంచీ ఆ మూడింటినీ ఒకే మాటగా పలకడం మా వైపు అలవాటు. విడదీయవచ్చని ఎవరికీ తోచదు.

బి.కాం. ఇష్టమేనా అని అమ్మాయిని అడిగాను. "ఎలక్ట్రాన్ లోపల ఏముంటుందండీ?" అని ఎదురడిగింది. ఇంతవరకు ఏమీ కనబడలేదన్నాను.

"వెతికారా అండీ?"

ఆ ప్రశ్న విన్నాక బి.కాం. దరఖాస్తును పక్కన పెట్టి, రసాయనశాస్త్ర శాఖాధిపతి శేషగిరిగారిని పిలిపించాను. కణభౌతికం చదవడానికి మీ సబ్జెక్టు తప్పనిసరా అని అడిగాను.

"ఎలక్ట్రాన్ల ఇచ్చిపుచ్చుకోళ్లు అవగానే మా కొట్టు కట్టేస్తామండీ. ఈ పిల్ల అడిగే సరుకు మా దగ్గర ఉండదు. ఇంటర్లో చదివింది చాలు. లెక్కలు మాత్రం వదలనివ్వకండి" అన్నారు.

ఒకరి మాట మీద నిర్ణయం చేయడం నా పద్ధతి కాదు. ఎమ్మెస్సీ ఫిజిక్సు ప్రవేశ నిబంధనలు తెప్పించాను. నేను చూసినవాటిలో డిగ్రీ స్థాయి గణితం, భౌతికశాస్త్రం అడిగారు. కెమిస్ట్రీ ప్రస్తావన లేదు. కెమిస్ట్రీ స్థానంలో కంప్యూటర్స్ ఉన్న గ్రూపును, ఆ శాఖ సమ్మతి కూడా తీసుకొని, ప్రిన్సిపాలుకు సిఫారసు చేశాను.

"రేపు మన చెరువు నీళ్లు పరీక్ష చేయడానికైనా ఈ చదువు పనికిరాదన్నమాట" అని తండ్రి నిట్టూర్చారు.

"నీళ్లకు ఊరినిండా ల్యాబులున్నాయి నాన్నా. ఎలక్ట్రానుకే ఎవరూ లేరు."

ఆయన నవ్వి సంతకం చేశారు.

సుజాత ఇప్పుడు ఒక పరిశోధన సంస్థలో కణాల జాడ పట్టే పరికరాలపై పనిచేస్తున్నది. ఆ పరికరాల్లో కొన్నింటిలో కణం వెళ్లిన దారిని వాయు మిశ్రమం పట్టిస్తుంది. నిరుడు ఆ మిశ్రమం విషయంలో సందేహం వచ్చి ఫోను చేసింది, నాకు కాదు, శేషగిరిగారికి. "మీ శిష్యురాలు కట్టేసిన కొట్టు తెరిపించిందండీ" అని ఆయన నాకు చెప్పారు.

ఒక శాస్త్రంలో చేరడానికి ఏది తప్పనిసరి అన్నది ఒక ప్రశ్న. చేరాక ఏది అవసరపడుతుంది అన్నది మరొకటి. రెండవదాన్ని ప్రవేశాల బల్ల దగ్గర అడగరాదు.